చంటిస్వామికి పళ్లొచ్చిన ఏడాది

మండుటెండలో కూడా హెర్మెలిందా మణికట్టు దాటే చేతుల చొక్కా ఎందుకు తొడుక్కునేదో మా పేటలో మొదట కనిపెట్టింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆమె ఇంటికి సరిగ్గా ఎదురుగా నా పిండిమర ఉంది. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నల బకెట్లు పట్టుకుని తెల్లారేసరికి పేటలో ఆడవాళ్లందరూ నా గుమ్మంలో బారులు తీరతారు. మర తిరుగుతున్నంతసేపూ చెవులు పనిచేయవు గానీ కళ్లకేం రోగం? ఆ కళ్లతోనే చూశాను, హెర్మెలిందా డాబా మీద బట్టలారేసే గది కిటికీలోంచి ఒక తోక ఊగడం.

ఆ తోక సార్జెంటుది. సార్జెంటంటే పిల్లి. ముందుకాలి మీద మూడు నల్లచారలుంటాయి, అందుకని ఆ పేరు. కాలవలో పూలపడవ కింద తడిసి వణుకుతున్న కూనను హెర్మెలిందా మొగుడు ఫిదెన్సియో చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఆ ఏడే ఆయన గుండె ఆగి పోయాడు. పిల్లాజెల్లా లేని ఇంట్లో పిల్లి మిగిలింది. హెర్మెలిందా తన ప్రేమంతా దాని నెత్తిన కుమ్మరించింది. అది ఆ ప్రేమను దర్జాగా పుచ్చుకుని, బదులుగా ఆమె చెయ్యి కొరికేది.

ఏదో సరదాకి గీరడం కాదు. పాలు పోస్తే కొరికేది, పోయకపోతే కొరికేది. నిమురుతుంటే కళ్లు మూసుకుని గుర్రుగుర్రుమని, సుఖం ఎక్కువయ్యాక కొరికేది. చిత్రమేమిటంటే లోకంలో ఇంకెవరితోనూ దానికి పేచీ లేదు. నా ఒళ్లో వెల్లకిలా పడుకునేది. గ్యాసు సిలిండర్లు తెచ్చేవాడి కాళ్లకు ఒళ్లంతా రాసుకునేది. పళ్లు మాత్రం యజమానురాలి కోసమే దాచుకునేది.

"దాన్ని తీసుకెళ్లి ఆ కాలవలోనే వదిలెయ్ వదినా," అన్నాను ఒకసారి. నా కూతురి జ్ఞానస్నానానికి ఆమె జ్ఞానతల్లిగా నిలబడింది, అప్పట్నుంచి మేం వదినా అంటే వదినా అనుకుంటాం. "నీ తిండి తిని నిన్నే కొరుకుతోంది."

"అది కొరకడం కాదు వదినా. మాట్లాడటం," అంది రక్తం తుడుచుకుంటూ.

"మరి నాతో మాట్లాడదేం?"

"నీతో దానికేం మాటలుంటాయి?"

అదీ వరస. హెర్మెలిందా నోరు మంచిదని నేను చెప్పను. పైవరసలో ముందు పన్ను ఒకటి ఊడిపోయి, ఆ సందులోంచి మాట సగం ఈలగా వస్తుంది. ఆ ఈలతోనే పూలసంతలో బేరగాళ్లను ఏడిపించి పంపేది. ఆమె బంతిపూల మడికి నీళ్లు ఆలస్యమైతే కాలవకు కూడా చీవాట్లు పడేవి. అంత మనిషీ ఒక పిల్లి ముందు చెయ్యి చాచి నిలబడేది.

ఇప్పుడు చంటిస్వామి సంగతి చెప్పాలి. మా పేటకు ఒక బాలయేసు ఉన్నాడు. చెక్కబొమ్మ, మూరెడు కూడా ఉండడు, మూడు వందల ఏళ్లవాడంటారు. ఆయనకు గుడి లేదు. ఏడాదికొక ఇల్లు. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగనాడు బాజాలతో, బాణసంచాతో పాత ఇంట్లోంచి కొత్త ఇంటికి వెళతాడు. ఆయన దిగిన ఇంటికి ఏడాది పొడుగునా తలుపు వేసే పని ఉండదు. వచ్చినవాళ్లందరికీ మొక్కజొన్న జావ పొయ్యాలి, ఆకుల్లో పిండి చుట్టి ఉడికించిన తమాలెలు పెట్టాలి. పొద్దున్నే ఆయన్ని లేపి బట్టలు మార్చాలి, సాయంత్రం జోల పాడాలి. అందరూ నిద్రపోయాక ఆయన లేచి ఆడుకుంటాడు. తెల్లారి బొమ్మలు చెల్లాచెదురుగా కనిపించినా, బుల్లి చెప్పులకు మట్టి అంటినా ఆ ఇల్లు ధన్యమైనట్టే. నేనూ నమ్ముతాను. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి.

పెళ్లయిన కొత్తలో హెర్మెలిందా, ఫిదెన్సియో తమ పేరు రాయించుకున్నారు. అప్పుడే ఫిదెన్సియో చేత్తో ఒక ఉయ్యాల చెక్కాడు, పడవ ఆకారంలో, అంచున మల్లెతీగలతో. వంతు వచ్చేసరికి ఆమె జుట్టు నెరిసింది, ఆయన సమాధిలో ఉన్నాడు, ఉయ్యాల అటక మీద ఉంది. పోయేముందు ఆయన ఒక్కటే కోరాడట, స్వామి మనింటికొస్తే ఆ ఉయ్యాలలోనే పడుకోవాలని. ఇక ఆమెకు బతుకులో వేరే కోరిక లేదు. స్వామి ఏడాదంతా ఆ ఉయ్యాలలో ఉండాలి, అంతే.

అడ్డం వచ్చింది స్వామి సేవ చూసే కమిటీ నియమం. అంతకుముందు ఒక ఇంట్లో కుక్క స్వామివారి మఖ్మలు చెప్పు నమిలి మింగేసింది. ఆ చెప్పు బయటికొచ్చేదాకా పేటంతా ప్రార్థనలు చేశాం. అప్పుడు కమిటీ పెద్ద ఎపిగ్మేనియో, టోపీ పెట్టుకుంటే తప్ప మాట పెగలని మనిషి, ఒక నియమం పెట్టాడు. స్వామి ఉన్న ఇంట్లో పళ్లున్న జంతువు ఉండకూడదు. ఉందని తేలితే ఆ పూటే స్వామిని పట్టుకుపోతారు, బాజాల్లేకుండా, వెనక వాకిలి గుండా. హెర్మెలిందా కొవ్వొత్తి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. సార్జెంటును కొండ మీది ఊళ్లో చెల్లెలి దగ్గర దిగబెట్టి వచ్చింది.

వారం తిరక్కుండా లిల్లీపూల బుట్టతో బస్సు దిగింది. లిల్లీలు మా దగ్గరే కాలవ నిండా పూస్తాయి, కొండ మీంచి మోసుకురావడం ఏమిటని నేను అప్పుడే అనుకున్నాను.

"అక్కడ తిండి మానేసిందట వదినా," అంది, నేను తోక సంగతి అడిగినప్పుడు.

"అది మానేసిందా, నువ్వు మానేశావా?"

"ఇద్దరం మానేశాం. నువ్వు నోరు మూసుకుని పిండి రుబ్బుకో."

ఇల్లంతా ఏలిన సార్జెంటుకు బట్టలారేసే గది దక్కింది. దాని కోపం అంతా ఇంతా కాదు. హెర్మెలిందా పైకి వెళ్లిన ప్రతిసారీ చేతికి కొత్త బొక్కలతో దిగేది. అందుకే ఆ పొడుగు చేతుల చొక్కాలు.

వచ్చే ఏటి వంతు దొమితిలాది. పక్కవీధి మనిషి, తమలపాకంత నాజూకు, నాలుక తప్ప. దండం పెట్టుకునే వంకతో రోజూ వచ్చి మూలల్లో దుమ్ము వెతికేది. హెర్మెలిందా ఎక్కడైనా జారితే స్వామి తనింటికి ముందే వచ్చేస్తాడని ఆశ.

వానలు మొదలైన మధ్యాహ్నం, జపమాల చెబుతుండగా హెర్మెలిందా జావ పోస్తూ వంగింది. చొక్కా చెయ్యి పైకి జరిగింది. దొమితిలా గద్దలా ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఏంటక్కా ఇవి?"

హెర్మెలిందా మొహాన నెత్తురు చుక్క లేదు. "గులాబీ ముళ్లు."

"ముళ్లు ఇంత బుద్ధిగా గుచ్చుకుంటాయా? పైన రెండు, కింద రెండు. ఇవి పంటిగాట్లు."

జపమాలలు ఆగాయి. ఎపిగ్మేనియో టోపీ సర్దుకున్నాడు. ఇంకొక్క మాట పడితే ఉయ్యాల ఖాళీ అవుతుంది.

అప్పుడు నికనోరవ్వ, పేటలో అందరికంటే పెద్దది, కళ్లు సగం కనబడవు, ఆ చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. గాట్లను వేలితో తడిమింది. "ఎంత చిన్న నోరు," అంది. ఉయ్యాల వైపు తిరిగింది. మళ్లీ తడిమింది. "అమ్మాయిలూ, పిల్లాడికి పళ్లొస్తున్నాయర్రా."

మూడు వందల ఏళ్లుగా బోసినోటితో ఉన్నవాడికి ఆ మధ్యాహ్నం పళ్లొచ్చాయి. ఎవరూ నవ్వలేదు. రాత్రిళ్లు లేచి బొమ్మలతో ఆడుకునేవాడికి, వీధుల్లో తిరిగి చెప్పులకు మట్టి అంటించుకునేవాడికి పళ్లు రాకూడదని ఎక్కడుంది? ఒకావిడ మోకాళ్ల మీద కూలబడింది. ఇంకొకావిడ ఏడుపు అందుకుంది. హెర్మెలిందా చెప్పడానికి నోరు తెరిచింది, ఉయ్యాల వైపు చూసింది, నోరు మూసుకుంది. ఆమె చేసిన తప్పల్లా అంతే.

ఇక చూసుకోండి మా పేట భక్తి. పిల్లలు కొరుక్కునే రబ్బరు రింగులు గంపలకెత్తారు. చిగుళ్లకు రాయడానికి తేనె, కాచిన చామంతి నీళ్లు, నమలడానికి ఎండు రొట్టెలు. సంత దగ్గరి పళ్ల డాక్టరు టార్చిలైటు వేసి చెక్క చిగుళ్లు పరీక్షించి, "కొంచెం వాపుంది," అన్నాడు. మర్నాటికి తన బోర్డు మీద స్వామివారి దంతవైద్యుడని రాయించుకున్నాడు. ఎపిగ్మేనియో ప్రతివాడి దగ్గరా, "ఇన్ని కమిటీలొచ్చాయి, ఒక్కరి హయాంలోనైనా పన్నొచ్చిందా?" అనేవాడు. పక్క పేటలవాళ్లు పడవలు కట్టించుకుని వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు వచ్చినట్టు స్వామి నోటి దగ్గర వేలు పెట్టి నిలబడేవాళ్లు. ఎవర్నీ కొరకలేదు.

"తిండి సరిగా పెట్టనివాళ్లనే పిల్లలు కొరుకుతారు," అంది దొమితిలా, అందరికీ వినబడేలా.

"నీకేం తెలుసే," అంది నికనోరవ్వ. "పళ్లొచ్చే పిల్లాడు ఊరందర్నీ కొరకడు. తల్లినే కొరుకుతాడు."

హెర్మెలిందా జావ గరిటె అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. వంటగుడ్డతో మొహం కప్పుకుని నిలబడి ఉంది.

"నన్నేమందో విన్నావా వదినా?"

"విన్నాను. డాబా మీదాయన కూడా వినే ఉంటాడు."

"నువ్వొకదానివి," అని మళ్లీ మొహం కప్పుకుంది.

ఆ రోజుతో పొడుగు చేతుల చొక్కాలు పెట్టెలోకి పోయాయి. బారెడు చేతులు బయటపెట్టుకుని, కొత్త గాజులు చూపించే పెళ్లికూతురిలా, జావ పోసేది. పిల్లికి పాలు పొయ్యడానికి రోజుకు అన్నిసార్లు డాబా ఎక్కాల్సిన పని లేదు. కొరికించుకోవడానికే వెళుతోందని నాకు తెలుసు. నాకు ఒళ్లు మండిపోయేది. దేవుడి దగ్గర దొంగాట ఏమిటని అడుగుదామనుకునేదాన్ని. ఆమె జోల పాడుతుంటే విని, అడక్కుండానే తిరిగొచ్చేసేదాన్ని.

నవంబరులో, బంతిపూలు కోసే రోజుల్లో, చెయ్యి వాచింది. మోచేతి దాకా ఎర్రగా పొంగింది. దవాఖానాకు తీసుకెళ్లాను. సాయం వస్తానని దొమితిలా కూడా బయల్దేరింది. వద్దంటే మాత్రం ఊరుకునే రకమా?

డాక్టరు ఉత్తరాది కుర్రాడు, మా ఊరికి కొత్త. "ఏం కరిచింది?" అన్నాడు.

హెర్మెలిందా నేల చూసింది. బల్లల మీద కూర్చున్న రోగులే చెప్పారు. "చంటిస్వామి."

"ఎవరి పిల్లాడు?"

నేను దొమితిలా వైపు చూశాను. పిల్లి సంగతి పసిగట్టి ఉంటే బయటపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆమె మెడలో శిలువ ముద్దు పెట్టుకుని, "మా అందరి పిల్లాడు డాక్టర్ గారూ," అంది.

"వయసు?"

"మూడొందలు దాటాయి."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "టీకాలు వేయించారా?"

"పాపం, ఆ రోజుల్లో ఎక్కడున్నాయి బాబూ," అన్నాడొక ముసలాయన.

డాక్టరు తలుపు వేసి, నన్నూ హెర్మెలిందానూ మాత్రం ఉంచాడు. గొంతు తగ్గించాడు. "ఇది పిల్లికాటు పెద్దమ్మా. పెంపుడు పిల్లేనా, ఇంట్లోనే ఉందా, అది చెప్పండి చాలు. పదిరోజులు దాన్ని కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. తెలియని పిల్లయితే రేబిస్ సూదులన్నీ వెయ్యాలి. నొప్పి పుడతాయి."

తలుపు కింది సందులో దొమితిలా చెప్పులు కనబడుతున్నాయి. హెర్మెలిందా వాటి వైపు చూసింది.

"సూదులే వెయ్యండి బాబూ," అంది.

వేయించుకుంది. ప్రతిసారీ నేనే తోడెళ్లాను. ప్రతిసారీ తిట్టాను. ఏ రోగమూ లేని పిల్లి పైన ఎండలో ఒళ్లు నాక్కుంటుంటే, కింద ఈవిడ సూదులు పొడిపించుకుంది. స్వామి మాత్రం ఉయ్యాలలోంచి కదల్లేదు.

కొవ్వొత్తుల పండుగ వచ్చింది. స్వామి ముందు వాకిలి గుండానే, బాజాలతోనే వెళ్లాడు. హెర్మెలిందా ఆయన్ని దొమితిలా చేతుల్లో పెట్టి, "పొద్దున్నే చలికి ముక్కు కారుతుంది, శాలువా కప్పు," అని అప్పగింతలు చెప్పింది. మర్నాడు సార్జెంటును కిందికి దించింది. అది ఇల్లంతా ఒకసారి వాసన చూసుకుని, ఖాళీ ఉయ్యాలలోకి దూకి పడుకుంది. లేపబోతే కొరికింది.

ఉపవాసాల రోజులు వచ్చేసరికి దొమితిలా ఇంట్లో జావ మిగిలిపోయి పులిసిపోవడం మొదలైంది. జనం వెళ్లడం, స్వామికి దండం పెట్టడం, దొమితిలా చేతులు చూడటం. తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేదు. బయటికొచ్చి చెవులు కొరుక్కోవడం. "తల్లి మీద బెంగపెట్టుకున్నాడు," అన్నాడు ఎపిగ్మేనియో సైతం.

ఒక మధ్యాహ్నం నేను హెర్మెలిందాకు పిండి ముద్ద ఇవ్వడానికి వెళ్లాను. ఉయ్యాల ఉన్న గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే దొమితిలా వచ్చింది. చేతిలో మూత ఉన్న బుట్ట.

"అక్కా, ఒక సాయం. సార్జెంటును నాలుగురోజులు అప్పివ్వు."

హెర్మెలిందా కుర్చీలో నిటారుగా అయింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు లిల్లీల కింద పెట్టి తెచ్చావు చూడు, అప్పట్నుంచి. ఆ బస్సులో నీ వెనక సీటు నాదే. లిల్లీలు మ్యావంటాయా?"

"మరి చెప్పలేదేం?"

"సమయం చూసి చెబుదామనే అనుకున్నా. అందుకే ఆవేళ చెయ్యి పట్టుకున్నా. ఈలోపు ఆ ముసలిది పళ్లొచ్చాయంది." దొమితిలా బుట్ట కింద పెట్టింది. "పళ్లొచ్చిన పిల్లాణ్ణి ఎవరు చెడగొట్టుకుంటారక్కా? నీ ఇంట్లో అబద్ధమని తేలితే నా ఇంటికి వట్టి చెక్కబొమ్మ వచ్చేది."

హెర్మెలిందా ఉయ్యాలలో పడుకున్న సార్జెంటు వైపు గడ్డం చూపించింది. "అదిగో. ముందిక్కడే చూసుకో, కొరుకుతుందో లేదో."

దొమితిలా కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచింది. సార్జెంటు వాసన చూసింది, నాకింది. ఆమె చెవి మెలిపెట్టింది, తోక లాగింది. అది వెల్లకిలా తిరిగి, తెల్లటి పొట్ట పైకి పెట్టి, కళ్లు మూసుకుని గుర్రుగుర్రుమంది. దొమితిలాకు ఏడుపొచ్చింది. "నీకు నేనేం అన్యాయం చేశానే," అని పిల్లినే నిలదీసింది.

హెర్మెలిందా ఆ పొట్ట వంక చూస్తోంది. ఇన్నేళ్లలో దాన్ని ఆమె అంతసేపు చూసి ఉండదు. ఆ క్షణంలో దొమితిలా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ముక్కు చీదుకుని, "నీకంటే నేనే నచ్చినట్టున్నా దీనికి," అంది.

హెర్మెలిందా లేచింది. దొమితిలా చెయ్యి పట్టుకుంది. ముంజేతి మీద కండ ఉన్నచోట చూసుకుని, ఏడాది కసి అంతా పెట్టి, కసుక్కున కొరికింది.

కెవ్వుమంటుందనుకున్నాను. కిక్కురుమనలేదు. చెయ్యి వెలుతురులో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. "నీ మేలు మర్చిపోనక్కా," అని, చొక్కా చెయ్యి పైదాకా మడుచుకుని, ఖాళీ బుట్టతో వెళ్లిపోయింది.

ఆదివారం దొమితిలా ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. నేనూ దూరాను, ఆ మాత్రం చూడకుండా ఉంటానా? నికనోరవ్వను కుర్చీలో మోసుకొచ్చారు. అవ్వ గాటు మీద వేలు పెట్టి చుట్టూ కొలిచింది. "నోరు పెద్దదైంది. పిల్లాడు ఎదిగాడు," అంది. హమ్మయ్య అని అందరూ ఊపిరి వదిలారు. అవ్వ వేలు పైవరసలో ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ ఆగింది.

"ఇక్కడ సందు ఉంది," అంది మెల్లగా. "పాలపన్ను ఊడిందర్రా."

ఆ పూట గంటలు మోగించారు. సాయంత్రానికి సంతలో చక్కెరతో చేసిన ఎలుకబొమ్మలన్నీ అమ్ముడైపోయాయి. మా దగ్గర ఊడిన పాలపన్ను పట్టుకుపోయేది ఎలుకే కదా, స్వామి తలగడ దగ్గర వాటిని కుప్పపోశారు.

నేను పొట్ట పట్టుకుని నవ్వుకుంటూ హెర్మెలిందా ఇంటికి పరిగెత్తాను. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆమె కూడా పడీపడీ నవ్వుతుందని, ఇద్దరం కలిసి ఆ పేటనంతా దులిపేయొచ్చని నా ఆశ. ఆమె నవ్వలేదు. ఒలుస్తున్న చిక్కుడుకాయలు ఒళ్లోనే వదిలేసి కూర్చుంది.

"మొదటి పన్నా?" అంది.

"ఏం మొదటి పన్ను?"

"నా దగ్గర ఏడాది ఉన్నాడు వదినా. నా దగ్గరుండగా ఊడలేదే."

నాకు ఒళ్లు మండింది. "అమ్మా తల్లీ, ఆ సందు ఎవరి నోట్లోదో నీకు తెలియదూ? కొరికింది నువ్వు. నేను చూస్తుండగా కొరికావు."

"తెలుసులే," అంది. మాట ఆ సందులోంచే ఈలగా వచ్చింది. "అయినా వాడు భయపడి ఉంటాడు. అలాంటప్పుడు తల్లి దగ్గరుండాలి."

ఆమె లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్లి, అందులో పడుకున్న సార్జెంటు వీపు మీద చెయ్యి వేసింది. అది కళ్లు తెరవకుండానే తల తిప్పి కొరికింది. ఆమె చెయ్యి తీయలేదు. రెండో చేత్తో ఉయ్యాల ఊపుతూ అలాగే నిలబడింది.